కత్తి పట్టిన చేతిలోనే చిడతలు

ఇవాళ కుర్రకారుకి ఏదన్నా తెగ నచ్చితే "కత్తి" అంటున్నారు. పాట బాగుంటే కత్తి. బండి బాగుంటే కత్తి. కొత్త హీరోయిన్ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు! ఒకప్పుడు మాత్రం ఈ మాట తెలుగునాట ఒక్క మనిషికే చెల్లింది. ఆయన అసలు ఇంటిపేరు తాడేపల్లి. పూర్తి పేరు తాడేపల్లి లక్ష్మీకాంతారావు. ఆ ఇంటిపేరు సొంతూరి వాళ్ళకీ పోస్టుమాన్‌కీ తప్ప ఎవరికీ పట్టలేదు. నేలటిక్కెట్టు జనం ఆయనకి వేరే ఇంటిపేరు పెట్టేసుకున్నారు. కత్తి కాంతారావు!

మీలో చాలామంది ఆయన్ని ఎక్కడ చూసి ఉంటారో నేను చెప్పగలను. శ్రీరామనవమి నాడు టీవీలో "లవకుశ" వేసినప్పుడు రాముడి పక్కన నిలబడ్డ లక్ష్మణుడిగా చూసి ఉంటారు. లేదంటే ఆ తర్వాతి కాలపు ఏదో సినిమాలో తెల్లజుట్టుతో ఒకటి రెండు సీన్లలో కనిపించి వెళ్ళిపోయే పెద్దమనిషిగా చూసి, "ఈయన్నెక్కడో చూశామే!" అనుకుని ఉంటారు. ఆ రెంటికీ వెనకా ముందూ నాలుగు వందల పైచిలుకు సినిమాల కథ ఉంది.

మన పత్రికల్లో "వర్సటైల్ యాక్టర్" అనే బిరుదు బాగా చవకైపోయింది. రెండు సినిమాల్లో రెండు రకాల గడ్డాలు పెంచితే చాలు, తగిలించేస్తున్నాం. ఏ వేషం ఇచ్చినా చేయగలవాడు అని కదా దానర్థం? సరే, అన్ని వేషాలూ వేయగలవాడికి తనదంటూ ఒక్క వేషమైనా మిగులుతుందా? "ఇది ఆయన కోసమే రాశారు" అనే పాత్ర దొరుకుతుందా? కాంతారావు గారి సినిమాలు వరసపెట్టి చూసినప్పుడల్లా ఈ ప్రశ్న నన్ను కుదురుగా ఉండనివ్వదు. ఈ వారం దాని సంగతే చూద్దాం.

మా రోడ్డు మీది కుర్రాడు

నాది చౌటుప్పల్. మా ఊరి మీదుగా పోయే హైదరాబాద్-విజయవాడ రోడ్డు పట్టుకుని, పంతంగి టోల్‌గేటు దాటి, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట మీదుగా పోతే కోదాడ వస్తుంది. ఆ కోదాడ దగ్గరి పల్లె గుడిబండ. 1923 నవంబరు 16న కాంతారావు పుట్టింది అక్కడే. అప్పుడది నైజాం రాజ్యం, నల్లగొండ జిల్లా. ఇప్పుడు కోదాడ సూర్యాపేట జిల్లాలోకీ, మా చౌటుప్పల్ యాదాద్రి భువనగిరి జిల్లాలోకీ పోయాయి గాని, మా పెద్దవాళ్ళకి అంతా నల్లగొండే.

"కాంతారావు సిన్మా వచ్చిందంటే పొద్దుగూకక ముందే బువ్వ తిని బండి కట్టెటోళ్లం" అని మా తాత చెప్తుండేవాడు. అదే తాతకి, ఆ రాకుమారుడు మన జిల్లావాడే అని చాలాకాలం తెలియదట! తెలిశాక కూడా నమ్మబుద్ధి కాలేదట. "గట్ల మాట్లాడేటోడు మనోడెట్లయితడు?" అన్నాడు.

తాత మాటలో పెద్ద సంగతే ఉంది. తెలంగాణ మాటని మన వెండితెర చాలాకాలం ఎవరికి అంటగట్టిందో మీకు నేను చెప్పాలా? రౌడీకీ, నౌకరుకీ, నవ్వించేవాడికీ. మరి ఆ రోజుల్లో నల్లగొండ కుర్రాడొకడు హీరో ఎలా అయ్యాడు? జానపదాలూ పౌరాణికాలే ఆయనకి దారిచ్చాయని నా ఊహ. "ప్రభూ, తమ ఆజ్ఞ" అనే భాష గుడివాడలోనూ ఎవరూ ఇంట్లో మాట్లాడరు, గుడిబండలోనూ మాట్లాడరు. అది ఎవరి యాసా కాదు. ఎవరైనా కూర్చుని నేర్చుకోవలసిందే. సాంఘికాల్లో వెనకబడిపోయే కుర్రాడికి ఆ భాషలో అందరితో సమానంగా నిలబడే చోటు దొరికింది.

అప్పట్లో మన వైపు వాళ్ళకి సినిమా అంటే దూరాభారం. హైదరాబాదులో సినిమాలు చూసేవాళ్ళే గాని తీసేవాళ్ళు తక్కువ. కరీంనగర్ మనిషి పైడి జైరాజ్ 1929లోనే బొంబాయి వెళ్ళి, మూకీల్లో హీరోగా వెలిగి, హిందీ తెరకే అంకితమైపోయాడు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు కూడా అందుకున్నాడు. కాంతారావు మద్రాసు దారి పట్టాడు. తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" తీసిన హెచ్.ఎం. రెడ్డి గారి కంట పడ్డాడు. 1951లో ఆయన "నిర్దోషి"లో చిన్న వేషం. 1953లో అదే హెచ్.ఎం. రెడ్డి గారి "ప్రతిజ్ఞ"లో ఏకంగా హీరో!

అన్నట్టు, ఆ "ప్రతిజ్ఞ"తోనే ఇంకో కొత్త మనిషి కూడా తెరకెక్కాడు. విలన్ రాజనాల. ఒకే సినిమాలో ఒక కత్తివీరుడూ, ఆ కత్తికి ఎదురు కత్తీ దొరకడం విడ్డూరం కదూ! ఆ తర్వాత ఎన్ని కోటల మెట్ల మీద, ఎన్ని గుహల్లో, ఎన్ని వేలాడే వంతెనల మీద ఆ ఇద్దరూ తలపడ్డారో లెక్క తీయడం కష్టం.

ఎత్తు, వేటు, అడుగు వెనక్కి

కత్తి సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం. ఇప్పటి ఫైటు ముక్కలుగా వస్తుంది. చెయ్యి ఒక షాటు, కాలు ఒక షాటు, మిగిలింది కంప్యూటర్ చూసుకుంటుంది. ఆ నాటి జానపదంలో కెమెరా దూరంగా నిలబడి ఇద్దరినీ తలనుంచి పాదం దాకా చూపించేది. తప్పు జరిగితే దాచిపెట్టే కటింగులు తక్కువ. పైగా నటుడి ఒంటి మీద ఏమేం ఉండేవో గుర్తు తెచ్చుకోండి. బిగుతు చొక్కా, నడుముకి వెడల్పాటి పట్టీ, మెడలో దండలు, నెత్తిమీద కిరీటం, వెనక జీరాడే అంగీ. ఇన్నిటితో బల్లమీదికి గెంతాలి, మెట్లు వెనక్కి ఎక్కాలి, ఎడమచేత్తో కాగడా పట్టి కుడిచేత్తో కొట్టాలి.

కత్తియుద్ధం ఒక రకంగా డాన్సు. పైన ఒకటి, కింద రెండు, పక్కన మూడు, అడుగు వెనక్కి. ఇద్దరూ ఒకే లెక్క మీద ఉండాలి. కత్తికి పదును లేకపోయినా సరే, లెక్క తప్పితే వేళ్ళు చితుకుతాయి.

ఆ లెక్క కాంతారావు ఒంట్లో ఇంకిపోయింది. సన్నని ఒళ్ళు, నిటారు వెన్ను, తేలికైన అడుగు. నాకు మరీ నచ్చేది ఆయన మొహం. చాలామంది కత్తి దూయగానే పళ్ళు కొరుకుతారు, కళ్ళు ఉరుముతారు. కాంతారావు మొహంలో కోపం కన్నా హుషారు ఎక్కువ కనిపిస్తుంది. పండగ పూట గోడమీంచి దూకే కుర్రాడి హుషారు అది. నేలక్లాసు ఊరికే ఈల వెయ్యలేదు!

హాలీవుడ్‌లోనూ ఇలాంటి జంట ఉండేది. 1938 నాటి "ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్‌హుడ్"లో హీరో ఎరాల్ ఫ్లిన్, విలన్ బాసిల్ రాత్‌బోన్. నిజానికి కత్తిసాములో ఆరితేరినవాడు విలన్‌గారే. కానీ కథ ప్రకారం ప్రతిసారీ ఓడిపోవాలి. హీరో బాగా గెలిచినట్టు కనిపించాలంటే విలన్ బాగా ఓడగలగాలి. మన రాజనాల ఆ విద్యలో దిట్ట.

ఈ కత్తికి అసలైన ఇల్లు "జానపద బ్రహ్మ" బి. విఠలాచార్య సెట్టు. కన్నడసీమ నుంచి వచ్చిన ఆచార్యగారు తక్కువ డబ్బుతో, తక్కువ రోజుల్లో, వేసిన సెట్టునే తిప్పి తిప్పి వాడుతూ తెలుగు పల్లెలకి దయ్యాలనీ, మాంత్రికులనీ, మాట్లాడే చిలకల్నీ పంచిపెట్టారు. కాల్షీట్ల దగ్గర పేచీ పెట్టిన నటుణ్ణి ఆ సీన్లో మాంత్రికుడి శాపంతో జంతువుగా మార్చేసి, జంతువుతోనే షూటింగు కానిచ్చేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. "కనకదుర్గ పూజామహిమ" (1960), "వరలక్ష్మీ వ్రతం" (1961), "మదన కామరాజు కథ" (1962), "గురువును మించిన శిష్యుడు" (1963), "నవగ్రహ పూజామహిమ" (1964), "జ్వాలాద్వీప రహస్యం" (1965)... ఏటా ఒకటి చొప్పున కాంతారావు కత్తి మోగుతూనే ఉంది. పక్కన చాలాసార్లు కృష్ణకుమారి. పెద్ద పట్నాల్లో పేపర్లవాళ్ళు ఈ సినిమాల్ని చూసి పెదవి విరిచేవాళ్ళు. డబ్బు మాత్రం చిన్న ఊళ్ళ నుంచీ, డేరా టాకీసుల నుంచీ వచ్చేది. మా తాత బండి కట్టింది వీటికే మరి!

కృష్ణుడికి దొరికిన కృష్ణుడు

ఇంతటితో ఆగితే కాంతారావు ఒక మంచి కత్తివీరుడు, అంతే. అసలు విశేషం ఇంకో వైపు జరిగింది. ఎన్.టి. రామారావు గారి వైపు.

1955లో రామారావు గారి సొంత సంస్థ తీసిన "జయసింహ"లో హీరోకి తమ్ముడు విజయసింహుడి వేషం కాంతారావుది. అప్పటినుంచి ఆయనకి ఆ ఇంటి తలుపు తెరిచే ఉంది. విఠలాచార్య ఇద్దర్నీ కలిపి 1967లో "చిక్కడు దొరకడు" తీశారు. ఆయన చిక్కడు, ఈయన దొరకడు!

పౌరాణికాల దగ్గరికి వస్తే ఒక చిక్కు ఉండేది. 1957 "మాయాబజార్" తర్వాత తెలుగువాళ్ళకి కృష్ణుడంటే రామారావే. క్యాలెండర్లలోకి కూడా ఆయన మొహమే ఎక్కేసింది. అయితే రామారావు గారు ఊరికే కూర్చునే రకమా? ఒకసారి అర్జునుడు కావాలంటారు, ఒకసారి భీముడు, ఒకసారి రావణుడు. మరి ఆయన అర్జునుడైతే కృష్ణుడెవరు? ఆయన ఎదురుగా నెమలిపింఛం పెట్టుకుని నిలబడే ధైర్యం ఎవరికుంది? జనం "వీడెవడ్రా!" అనకుండా ఉండాలి కదా.

1963లో "నర్తనశాల" వచ్చింది. రామారావు అర్జునుడు, బృహన్నల. కృష్ణుడు కాంతారావు. 1965లో "పాండవ వనవాసం". రామారావు భీముడు. మళ్ళీ కృష్ణుడు కాంతారావు. ఒక్క థియేటర్లో కూడా గోల లేదు. ఆ రెండు సినిమాల్లోనూ ఆయన్ని జాగ్రత్తగా చూడండి. రామారావు కృష్ణుణ్ణి ఆయన అనుకరించడు. ఆ ఓరచూపు, ఆ కొంటెనవ్వు జోలికే పోడు. తక్కువ కదులుతాడు, నెమ్మదిగా మాట్లాడతాడు, ఇంట్లో పెద్దమనిషిలా ఉంటాడు. "నర్తనశాల" అంటే అందరికీ కీచకుడు ఎస్.వి. రంగారావు గుర్తొస్తాడు. రావాలి కూడా, ఆ వేషానికి ఆయన 1964లో జకార్తా ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడయ్యాడు. కృష్ణుడు బాగున్నాడని మాత్రం ఎవరూ రాయలేదు. దేవుడు దేవుడిలా ఉంటే అందులో చెప్పుకునేదేముంది అనుకున్నారు కాబోలు!

ఇక నారదుడు. "సీతారామకల్యాణం" (1961), "శ్రీకృష్ణార్జున యుద్ధం" (1963), "శ్రీకృష్ణ తులాభారం" (1966)... ఇలా ఎన్నిసార్లు తంబూరా ఎత్తాడో! నారదుడు చిన్న వేషమని మనం అనుకుంటాం. స్క్రిప్టు రాసేవాణ్ణి అడగండి, ఆ మహర్షి లేకపోతే సగం పౌరాణికాలు నడవవు. ఈ అంతఃపురంలో మాట ఆ అంతఃపురానికి మోయాలి. తగువు పెట్టాలి, పెట్టినట్టు కనపడకూడదు. జరగబోయేది ముందే తెలిసినవాడి నవ్వు మొహం మీద ఉండాలి. మరీ ఎక్కువైతే జోకరవుతాడు, తక్కువైతే పోస్టుమాన్ అవుతాడు. కాంతారావు ఆ నవ్వుని కంటి చివర పెట్టుకున్నాడు. పెదవి మాత్రం భక్తిగానే ఉంటుంది. "తులాభారం"లో సత్యభామ జమునకి వ్రతం నూరిపోసేటప్పుడు చూడండి. ఆవిడకి కనిపించేది పెదవి, మనకి కనిపించేది కన్ను. అదే ఏడాది ఇంకో సెట్టులో అదే చెయ్యి కత్తి పట్టుకుంటోందని గుర్తుపెట్టుకుని మరీ చూడండి.

లక్ష్మణుడి రథం

నన్నడిగితే ఆయన చేసినవాటిల్లో అన్నిటికన్నా కష్టమైన పని 1963 నాటి "లవకుశ"లో ఉంది. పూర్తిగా రంగుల్లో తీసిన తొలి తెలుగు సినిమా అది. సి. పుల్లయ్య గారు మొదలుపెడితే, డబ్బు ఇబ్బందులతో ఏళ్ళ తరబడి ఆగి, చివరికి ఆయన కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశారు. జనం కన్నీళ్ళన్నీ అంజలీదేవి సీత ఖాతాలోకీ, దండాలన్నీ రామారావు రాముడి ఖాతాలోకీ పోయాయి.

మధ్యన లక్ష్మణుడున్నాడు. అన్న ఆజ్ఞ. నిండు చూలాలైన వదినని రథమెక్కించుకుని అడవిలో వదిలి రావాలి. ఆవిడకి సంగతి తెలియదు, సంతోషంగా కూర్చుంది. ఇతనికి తెలుసు, చెప్పలేడు. కత్తివీరుడికి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది? ఎదురుగా శత్రువు లేడు. తిరగబడటానికి వీల్లేదు, ఏడవటానికి వీల్లేదు, చేసిన పనిని సమర్థించుకోవటానికి వీల్లేదు. జానపదాల్లో గుర్రం మీద ఎగిరే మనిషి ఇక్కడ భుజాలు కిందికి జార్చి, చూపు తిప్పుకుని, మాట గొంతులో నొక్కుకుని నిలబడతాడు. చివరికి నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన అరవడు. అరిస్తే సీను ఆయనదై ఉండేది. అరవలేదు గనకే సీను సీతదయింది.

ఇదండీ నేను మొదట్లో అడిగిన ప్రశ్నకి దొరికిన మొదటి జవాబు. ఈయన సీనుని లాక్కోడు. "రక్తసంబంధం" (1962) చూడండి. తమిళ "పాశమలర్"కి తెలుగు రూపం. రామారావు, సావిత్రి అన్నాచెల్లెళ్ళు. కాంతారావు సావిత్రికి భర్త. రాష్ట్రమంతా అన్నాచెల్లెళ్ళ కోసం ఏడుస్తున్న సినిమాలో ఆ భర్త వేషం ఎవరికి కావాలి చెప్పండి? దాన్ని మంచివాడిగానే నిలబెట్టి, అన్నకీ చెల్లికీ అడ్డం రాకుండా చేశాడు. అలాంటి నటుణ్ణి దర్శకులు వదలరు. నిర్మాతలు అసలు వదలరు. సినిమాకి మాత్రం అది లాభమే. ఆయనకి లాభమా? అక్కడే అనుమానం.

ఒక్కసారి మాత్రం ఆయనకి సరిసమానమైన పీట వేశారు. 1969లో విశ్వనాథ సత్యనారాయణ గారి నవల "ఏకవీర"ని సి.ఎస్. రావు తెరకెక్కించారు. మాటలు సి. నారాయణరెడ్డి. ఇద్దరు స్నేహితుల కథ. ఒకరు ప్రేమించిన అమ్మాయితో ఇంకొకరికి పెళ్ళవుతుంది, అది తెలియకుండానే ఒకరి బాధ ఒకరు పంచుకుంటూ ఉంటారు. రామారావు సేతుపతి, కాంతారావు వీరభూపతి. ఘంటసాల, బాలసుబ్రహ్మణ్యం గొంతులు కలిసి పాడిన పాట ఈ సినిమాలోదే. ఇక్కడా నడుముకి కత్తి ఉంది, ఒంటిమీద రాజోచితమైన బట్టలూ ఉన్నాయి. కానీ మనిషి లోపల వేరు. జానపదం వేషంలో ఉన్న విషాదం అది. ఇలాంటివి ఇంకో నాలుగు పడి ఉంటే కాంతారావు గురించి ఇవాళ మనం వేరేగా మాట్లాడుకునేవాళ్ళం. పడలేదు.

తుపాకి వచ్చింది

1966లో "గూఢచారి 116" వచ్చింది. కృష్ణ హీరో, చేతిలో పిస్తోలు. కెమెరామన్ రవికాంత్ నగాయిచ్. ఈయన ఎవరనుకున్నారు? అంతకుముందు "సీతారామకల్యాణం" లాంటి పౌరాణికాల్లో ట్రిక్ ఫొటోగ్రఫీ చేసిన మనిషే! మాయలూ మంత్రాలూ చూపించిన కెమెరాయే గూఢచారిని తెచ్చింది. 1971లో "మోసగాళ్ళకు మోసగాడు"తో కౌబాయ్ టోపీ కూడా వచ్చేసింది. గుర్రం అదే, హీరో ఎగిరి కూర్చోవడం అదే. కత్తి పోయి తుపాకి వచ్చింది, అంతే తేడా. రంగులొచ్చాక నలుపు తెలుపు కోటల్లో మాయ కూడా తగ్గిపోయింది.

కాంతారావు గారికి అప్పటికి నలభై దాటి అయిదారేళ్ళు. హీరోగా పిలిచేవాళ్ళు తగ్గుతున్నారు. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? కొందరు తండ్రి వేషాల్లోకి సర్దుకుంటారు. కొందరు సొంతంగా సినిమా తీస్తారు. ఆయన రెండూ చేశారు. 1969లో "సప్తస్వరాలు", "గండరగండడు", 1971లో "ప్రేమజీవులు", 1974లో "గుండెలు తీసిన మొనగాడు", చాలా ఏళ్ళ తర్వాత 1989లో "స్వాతిచినుకులు". మొత్తం అయిదు. కత్తితో సంపాదించింది ఈ అయిదింటిలో కరిగిపోయింది. ఆస్తులు పోయాయి. ఆఖరి రోజులు హైదరాబాదులో ఇబ్బందుల్లోనే గడిచాయి.

"వచ్చింది దాచుకోక ఈ పిచ్చి ఎందుకు?" అనేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. సినిమావాళ్ళ కష్టాలు చెప్పుకుంటూ చప్పరించడం మనకి అలవాటే కదా. నేను ఆ జట్టులో చేరలేను. ఆ టైటిళ్ళు ఇంకోసారి చదవండి. గండరగండడు, మొనగాడు! ఇతరుల సినిమాల్లో తమ్ముడూ, భర్తా, మహర్షీ అయిన మనిషి తన డబ్బుతో తాను తీసుకున్నప్పుడు ఏం కావాలనుకున్నాడో పేర్లే చెప్తున్నాయి. ఎవరూ రాయని వేషాన్ని తానే కొనుక్కోబోయాడు. లెక్క తప్పింది, నిజమే. పల్లె టాకీసుల్లో జానపదానికి జనం తగ్గిన రోజుల్లో దానిమీద పందెం కాయడం వ్యాపారం కాదు. అయితే అన్నేళ్ళు ఆయన్ని అన్నిటికీ వాడుకున్న పరిశ్రమలో, ఆయన వయసుకి తగ్గ ఒక్క పెద్ద పాత్ర రాసిపెట్టిన వాళ్ళుంటే ఈ పందెం అవసరం పడేదా? ఈ మాట కూడా అడగాలి కదా.

1975లో బాపు గారు "ముత్యాలముగ్గు"లో జమీందారుగా, హీరో శ్రీధర్ తండ్రిగా పెట్టారు. రావు గోపాలరావు కాంట్రాక్టరు డైలాగులు ఊరూరా మారుమోగిన సినిమా అది. ఆ హోరులో ఈ జమీందారు ఎంత పొందిగ్గా ఉన్నాడో గమనించినవాళ్ళు తక్కువ. నెత్తిన కిరీటం లేకపోయినా రాజులాగే కుర్చీలో కూర్చుంటాడు. పాతికేళ్ళు సింహాసనాల మీద కూర్చున్న అలవాటు ఊరికే పోదు! తర్వాత వేషాలు చిన్నవయ్యాయి, సీన్లు తగ్గాయి. ఇచ్చింది చేశారు. ప్రభుత్వం రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చింది. తన కథ తానే "అనగనగా ఒక రాకుమారుడు" అనే పుస్తకంగా చెప్పుకున్నారు. పేరు చూశారా? దానికీ రాకుమారుణ్ణే పిలిచారు. 2009 మార్చి 22న హైదరాబాదులో క్యాన్సరుతో కన్నుమూశారు. ఎనభై అయిదేళ్ళు.

కొత్తగా చూద్దామనుకునేవాళ్ళకి నాదొక వరస. ముందు "గురువును మించిన శిష్యుడు" పెట్టుకోండి. ట్రిక్కులు చూసి నవ్వొస్తే నవ్వండి, కత్తిసాము దగ్గర మాత్రం ఆయన పాదాలు చూడండి. మర్నాడు "శ్రీకృష్ణ తులాభారం". అక్కడ కన్ను చూడండి. ఆ తర్వాత "లవకుశ"లో అడవి సీను. ఆఖర్న "ఏకవీర". నాలుగూ ఒక్క మనిషే చేశాడని మీ పక్కన కూర్చున్నవాళ్ళకి ముందే చెప్పకండి. కనిపెడతారో లేదో చూసి నాకు రాయండి.

ఇంకో మాట. మా పాత నల్లగొండ జిల్లాలో ఇలాంటి బహుపాత్రల ఘటికుడు ఈయనొక్కడే కాదు. తుంగతుర్తి నుంచి డాక్టరీ చదివి, 1960లో "చివరకు మిగిలేది"తో తెరమీదికొచ్చి, నటనతో పాటు కథలు కూడా రాసి, చివరికి సినిమా కార్మికుల ఇళ్ళ కోసం తన భూమినిచ్చిన ఎం. ప్రభాకర్‌రెడ్డి గారు ఉన్నారు. ఆయన స్టెతస్కోపు సంగతి వచ్చేవారం.